ముగ్గురం ఓడ ఎక్కిన రోజు

ముప్పై ఏళ్ళు ఓడల మీదికి సరుకు పంపాను. ఒక్క ఓడనూ చూడకుండానే రిటైరయ్యాను. ఈ మాట చెబితే మా కాలనీ పార్కుకు వాకింగుకొచ్చే కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వండి. ఎల్బీనగర్‌లో కూర్చుని సముద్రం మీద బతికినవాణ్ణి, నాకే నవ్వొచ్చేది. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. నీతులు చెప్పే అర్హత మాత్రం నాకు లేదు. ఎందుకు లేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మాది పళ్ళు ఎగుమతి చేసే కంపెనీ. గడ్డిఅన్నారం మార్కెట్ ఇంకా అక్కడే ఉన్న రోజులు. పొద్దున్నే మార్కెట్లో కొన్న బంగినపల్లి మామిడి మా షెడ్డుకు వచ్చేది. కడిగి, తుడిచి, మచ్చ ఉన్నవి ఏరేసి, అట్టపెట్టెల్లో సర్ది, చల్లటి కంటైనర్‌లోకి ఎక్కించేవాళ్ళం. దాన్ని మేం రీఫర్ అనేవాళ్ళం. లారీ ఎక్కిన పెద్ద ఫ్రిజ్ అనుకోండి. అది రేవుకు పోయి, ఓడ ఎక్కి, గల్ఫ్ దేశాల్లో దిగేది. షెడ్డు సూపర్‌వైజర్‌ని నేను.

నాకు అక్కడ ఇద్దరే స్నేహితులు. ఒకాయన కాగితాలు చూసే గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ మనిషి. నన్ను "మాస్టారూ" అనేవాడు, నేనెవరికీ ఏమీ నేర్పింది లేకపోయినా. రెండోవాడు రీఫర్ మెకానిక్. మా నల్గొండవాడే, మా ఊరికి నాలుగు ఊళ్ళ అవతల. నాకంటే పదేళ్ళు చిన్న. నేను తమ్మీ అనేవాణ్ణి, వాడు అన్నా అనేవాడు. ఇద్దరం ఒకే రోజు షెడ్డులో చేరాం. నేను తెచ్చుకున్న సద్దిలో సగం వాడు తినేవాడు, వాడు తెచ్చుకున్న దాంట్లో సగం కూడా వాడే తినేవాడు.

మా తమ్మికి ఓడ పిచ్చి. కంటైనర్ తలుపులకు సీలు పడగానే దాన్ని రెండుసార్లు చేత్తో చరిచి "పోయి రా బిడ్డా" అనేవాడు. లారీ గేటు దాటి మలుపు తిరిగిందాకా అక్కడే నిలబడేవాడు.

"గీ డబ్బా దుబాయ్ దాంక పోతది. మనం సాగర్ రింగ్ రోడ్ దాటం. ఏం నసీబన్నా మనది" అనేవాడు.

గుమాస్తా టేబుల్ వెనక ఓడ కంపెనీవాళ్ళిచ్చిన కేలండర్ ఉండేది, ప్రపంచ పటంతో. మధ్యాహ్నం చాయ్ తాగుతూ ముగ్గురం దాని ముందు నిలబడి, ఫలానా రోజు పంపిన డబ్బా ఇప్పుడెక్కడుంటుందో చెప్పుకోవడం మాకు అలవాటు. గుమాస్తా కాగితాలు చూసి చెప్పేవాడు. నేను ఉజ్జాయింపుగా చెప్పేవాణ్ణి. తమ్మి మాత్రం వేలు పెట్టి చూపించేవాడు. ఎక్కువసార్లు వాడిదే సరిపోయేది. ఆ చాయ్ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. అంత హాయిగా మళ్ళీ ఎక్కడా చాయ్ తాగలేదు నేను.

వాడి పిచ్చి ఉత్త మాటల్లో పోయేది కాదు. ఓడల మీద వందల రీఫర్లుంటాయి, వాటిని చూసుకోవడానికి ఒక ఎలక్ట్రీషియన్ ఉంటాడు. ఓడ కంపెనీ ఏజెంటు ఒకాయన మా షెడ్డుకు వచ్చిపోతుండేవాడు. తమ్మి పనితనం చూసి, నిన్ను ఆ పనికి సిఫారసు చేస్తానని మాటిచ్చాడు. ఇక వీడు ఆగుతాడా? పాస్‌పోర్టు తీశాడు. డాక్టరు పరీక్షలు చేయించుకున్నాడు. ఈత రావాలన్నారని, నలభైకి దగ్గర పడ్డవాడు సరూర్‌నగర్‌లో ఈత నేర్పే చోట చిన్నపిల్లల మధ్య చేరాడు. నడుముకు గాలి ట్యూబు కట్టుకుని నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటుంటే, గట్టు మీద నిలబడి నేనూ గుమాస్తా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాం. రెండు నెలల్లో వాడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఆగకుండా ఈదాడు. ఆ రోజు నేనే మిఠాయి కొనుక్కుపోయాను.

సరిగ్గా ఆ వేసవిలోనే జరిగింది.

మీకొక సంగతి చెప్పాలి. మామిడికాయ చెట్టు దిగాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. కంటైనర్‌లో చల్లదనం ఒక్కటే చాలదు, లోపలి గాలి బయటికి పోవాలి. అందుకని చల్లబరిచే మిషను పక్కన గుండ్రటి మూత ఒకటి ఉంటుంది. మామిడి ఎక్కించాక దాన్ని తెరిచి, ఇంతని గుర్తు దగ్గర బిగించాలి. మూసి పంపితే ఆ గాలికి కాయలన్నీ దారిలోనే పండి మెత్తబడిపోతాయి. దాన్ని గాలి మూత అనేవాళ్ళం. తెరిచి, రిజిస్టర్‌లో సంతకం పెట్టడం తమ్మి పని.

ఆ రోజు వాడు తెరిచాడు, సంతకం పెట్టాడు, ఇంకో డబ్బా చూడ్డానికి వెళ్ళాడు. లారీ కదలడానికి ఇంకా టైముంది. ఇంతలో ఎండాకాలపు గాలివాన విరుచుకుపడింది. రేకులు ఎగిరిపోతాయేమోనన్నంత గాలి. వాన జల్లు సూటిగా మిషను వైపు కొడుతోంది. గాలి మూతలోంచి నీళ్ళు పోయి అట్టపెట్టెలు నానుతాయని నాకు భయమేసింది. నిజానికి ఆ మూత వానకు తట్టుకునేలానే చేసి ఉంటుంది. అది నాకు తెలియదు. తెలియకపోయినా పెద్దరికం ఉంది కదా. గొడుగు ఒక చేత్తో పట్టుకుని డ్రైవర్ కేబిన్ వెనక సందులోకి ఎక్కి మూత మూసేశాను. వాన వెలిశాక తెరుద్దామనుకున్నాను.

వాన వెలిసేసరికి షెడ్డు వెనక గోడ వైపు నీళ్ళు నిండి, పెట్టెలు ఎత్తి పెట్టే హడావిడిలో పడ్డాను. తిరిగి వచ్చేసరికి లారీ లేదు. మూత సంగతి నా బుర్రలోంచి శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయింది.

మళ్ళీ గుర్తొచ్చింది రెండు వారాల తర్వాత. అవతల డబ్బా తెరిచారు. కాయలన్నీ పండి, చితికి, రసం కారుతున్నాయని ఫొటోలు వచ్చాయి. గాలి మూత పూర్తిగా మూసి ఉందని రిపోర్టు వచ్చింది. గుమాస్తా ఆ రిపోర్టు చదువుతుంటే నా చేతిలో గొడుగు బరువు మళ్ళీ తెలిసింది నాకు.

యజమాని ముగ్గుర్నీ తన గదికి పిలిచాడు. ఏజెంటు కూడా అక్కడే కూర్చున్నాడు. రిజిస్టర్ టేబుల్ మీద ఉంది.

"నేను తెరిచిన సార్. తెరిచినంకనే సంతకం పెట్టిన" అన్నాడు తమ్మి.

"తెరిస్తే మూసి ఎట్లుంటదయ్యా? సముద్రంల చేపలొచ్చి మూసినయా?" అన్నాడు యజమాని. తర్వాత నా వైపు తిరిగాడు. "సూపర్‌వైజర్ సాబ్, ఆయన తెరిచింది నువ్వు చూసినవా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? అవును, చూశాను, తర్వాత నేనే మూశాను. ఊపిరి తీసుకునేంత సేపు. కానీ నాకు అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి ఇచ్చేవాడు లేడు. పైగా ఏజెంటు ముందు, సూపర్‌వైజర్ అయ్యుండి గాలి మూత సంగతే తెలియని దద్దమ్మనని ఎట్లా ఒప్పుకోను?

"నేను చూడలే సార్" అన్నాను.

తమ్మి నా వైపు చూశాడు. కోపంగా కాదు. గుర్తు చేసుకుందామని ప్రయత్నిస్తున్నట్టు చూశాడు. కాసేపటికి తల దించుకుని, "ఏమో సార్. తెరిచిననే అనుకుంటున్న" అన్నాడు.

ఆ 'అనుకుంటున్న' అన్న మాటతో అంతా అయిపోయింది. యజమాని వాణ్ణి తీసెయ్యలేదు. మంచివాడే. కానీ ఏజెంటు లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ సిఫారసు ఊసెత్తలేదు. సంవత్సరం తిరక్కుండా తమ్మి తనే మానేసి, చంపాపేట్ మెయిన్‌రోడ్డు మీద ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నాతో స్నేహం మాత్రం వదల్లేదు. ప్రతి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ముగ్గురం చాయ్ తాగేవాళ్ళం. ప్రతి ఆదివారం ఇవాళ చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఇట్లా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. మీరు లెక్కపెట్టుకోండి ఎన్ని ఆదివారాలో.

పోయిన చలికాలంలో గుమాస్తా ఒక ఆదివారం ఎగురుకుంటూ వచ్చాడు. ఆయన మేనల్లుడు విశాఖపట్నంలో ఓడ ఏజెంట్ల దగ్గర పనిచేస్తాడు. "మాస్టారూ, పెద్ద కంటైనర్ ఓడ వస్తోందంట. లోపలికెళ్ళి చూడ్డానికి మన ముగ్గురికీ పాసులు తీసిస్తానన్నాడు. ఆధార్ కార్డులు పంపమన్నాడు. ఇప్పుడు కాకపోతే మనమింకెప్పుడు చూస్తామండీ?" అన్నాడు.

తమ్మి చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. లేచి బయటికి పోయి, రోడ్డు వైపు తిరిగి కాసేపు నిలబడి వచ్చాడు. "ఎప్పుడు పోదాం?" అన్నాడు.

ఎల్బీనగర్‌లో బస్సెక్కాం. తమ్మి కొత్త చొక్కా వేసుకున్నాడు. బూట్లు కూడా కొత్తవే, దారంతా కాలు కరుస్తున్నాయని విప్పుతూ తొడుగుతూనే ఉన్నాడు. "పెళ్ళిచూపులకు కూడా ఇంత తయారవలేదయ్యా నువ్వు" అని గుమాస్తా ఆటపట్టిస్తే, "పెండ్లిసూపులల్ల పిల్ల నన్ను జూసింది. ఇప్పుడు నేను జూసేది ఉంది" అన్నాడు.

రేవులో హెల్మెట్లు పెట్టారు, మెరిసే కోట్లు తొడిగారు. జీపు ఒక నల్లటి గోడ పక్కన ఆగింది. ఓడెక్కడ అని అడిగాను నేను. మేనల్లుడు నవ్వి, ఆ గోడే అన్నాడు. తల ఎత్తి చూశాను, హెల్మెట్ వెనక్కి పడిపోయింది. గోడకు ఈ కొన నుంచి ఆ కొనకు నడవాలంటే కొత్తపేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సగం దూరం నడిచినట్టుంటుంది. పైన డబ్బాలు, డబ్బాల మీద డబ్బాలు. ముప్పై ఏళ్ళు మేం ఒక్కొక్కటిగా సాగనంపినవన్నీ ఇక్కడికొచ్చి పేర్చుకుని మమ్మల్ని చూస్తున్నాయనిపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఓడ పక్కన వేలాడే ఏటవాలు నిచ్చెన ఎక్కి పైకి పోవాలి. గుమాస్తా మధ్యలో ఆగి దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాడు. తమ్మి ఒక్కసారీ ఆగలేదు. వాడి వెనకే ఎక్కుతున్న నాకు వాడి కొత్త బూట్ల మడమలే కనిపించాయి. పైన కాపలా మనిషి రిజిస్టర్ ఇస్తే తమ్మి పేరు రాసి, ఏం పనిమీద వచ్చారన్న గడి దగ్గర కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి 'చూడ్డానికి' అని రాశాడు.

ఇంజన్ గది చూపించారు. చెవులకు ప్లగ్గులు పెట్టుకున్నా పొట్టలో మోత. వంటగది చూపించారు, అక్కడ సాంబారు వాసన వచ్చేసరికి గుమాస్తా ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఓడ ఎలక్ట్రీషియన్ వచ్చి మమ్మల్ని రీఫర్ల వరస దగ్గరికి తీసుకెళ్ళాడు. తమిళాయన, నలభై దాటి ఉంటాయి. హిందీ బాగా వచ్చు. తమ్మీ ఆయనా రెండు నిమిషాల్లో పాత చుట్టాల్లా కలిసిపోయారు. ఏ మిషను మంచిది, ఏది మొండికేస్తుంది, సముద్రం మీద ఉప్పు గాలికి ఏ తీగ ముందు పోతుంది. వీడు అడుగుతాడు, ఆయన చెబుతాడు. ఆయన అడుగుతాడు, వీడు చెబుతాడు. రోజుకు రెండుసార్లు ఈ డబ్బాలన్నిటి చుట్టూ తిరిగి వేడి ఎంతుందో రాసుకుంటానని ఆయనంటే, "తుఫాన్ల గూడ తిరుగుతవా?" అని అడిగాడు తమ్మి. తాడు కట్టుకుని తిరుగుతానన్నాడాయన. తమ్మి ఆ ఇరుకు దారిని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. వాడు మనసులో అక్కడ నడుస్తున్నాడని నాకు తెలుసు. ఆ నడక వాడిది. పద్దెనిమిదేళ్ళు వాడు అక్కడ నడవాల్సింది.

గుమాస్తా ఫొటోలు తీసుకుంటూ ముందుకు పోయాడు. ఒక డబ్బా దగ్గర తమ్మి ఆగి గాలి మూత మీద చెయ్యి పెట్టాడు. గుర్తు ఎక్కడుందో చూశాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ చూశాడు.

"దీన్ని జర మంచిగ చూసుకుంటుండు భాయ్" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో, హిందీలో. "మనిషి మర్చిపోతడు. నేను ఒక్కపారి మర్చిపోయిన. డబ్బా నిండ మామిడిపండ్లు ఖరాబ్ జేసిన."

అని నవ్వాడు. ముక్కూమొహం తెలియని మనిషికి, నేను చేసిన తప్పును తనదిగా చెప్పుకుని నవ్వాడు. ఎలక్ట్రీషియన్ కూడా మర్యాదకు నవ్వి, వైర్‌లెస్‌లో ఎవరో పిలిస్తే పక్కకు పోయాడు.

"నువ్వు మర్చిపోలే తమ్మీ" అన్నాను.

"ఏంది?"

"నువ్వు తెరిచినవ్. నేను మూసిన. వాన కొట్టింది గదా ఆ రోజు. పెట్టెలు నానుతయని ఎక్కి మూసిన. మళ్ళ తెరుద్దామనుకున్న, మర్చిన."

క్రేన్ ఒకటి మా తల మీదుగా డబ్బాను మోసుకుపోయింది. అది దాటిపోయేదాకా వాడు దాన్నే చూశాడు.

"ఇంకోపారి చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. గొడుగు సంగతితో సహా.

"అంటే నేను తెరిచిన."

"తెరిచినవ్."

"సార్ అడిగినప్పుడు?"

"భయమయింది."

వాడు తన కుడి చేతిని చూసుకున్నాడు. ఓడ ఉద్యోగం పోయిందని తిడతాడనుకున్నాను, కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే బాగుండేది.

"ఓడ పోతే పోయిందన్నా" అన్నాడు. "మందికి నౌకరీలు పోవా? గది కాదు. తెరిచిన యాది ఉండె నాకు. మంచిగ యాది ఉండె. నువ్వు చూడలేదంటివి. నువ్వు అబద్ధమాడవు గదా, అందుకని నా యాదే తప్పనుకున్న. గప్పటి సంది ఇంట్ల గ్యాస్ బంద్ చేసి మళ్ళ పోయి చూస్త. షాపుకు తాళమేసి సగం తొవ్వ పోయి మళ్ళొచ్చి గుంజి చూస్త. మిషన్ బాగుచేసి ఇచ్చినంక గిరాకికి ఫోన్ చేసి అడుగుత, అన్ని బిగించిననా అని. పిల్లలు నవ్వుతరు. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుండ జేస్తివి గదనే."

"తప్పయింది" అన్నాను. ఆ మాట అక్కడ నాకే సరిగా వినిపించలేదు.

"ఏవండీ, ఇద్దరూ అక్కడే పాతుకుపోయారేంటి?" అని గుమాస్తా అటు చివర నుంచి కేకేశాడు. "కెప్టెన్ గారు ఓడ నడిపే గది చూపిస్తారంట, రండి రండి!"

తమ్మి వెళ్ళాడు. తొమ్మిదో అంతస్తులో అద్దాల గది. అక్కడి నుంచి చూస్తే ముందు డబ్బాలు, వాటి తర్వాత నీళ్ళు, ఆ తర్వాత ఏమీ లేదు. వాడు అద్దానికి దగ్గరగా నిలబడి అంతా చూశాడు. దిగేముందు ఎలక్ట్రీషియన్ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. తిరుగు బస్సులో నా పక్క సీటు వాడిది. గుమాస్తాను అడిగి మార్చుకున్నాడు.

ఇది జరిగి ఏడు నెలలు. నా ఫోన్ ఎత్తడు. చంపాపేట్ పోయి షాపు ఎదుటి ఫుట్‌పాత్ మీద రెండుసార్లు నిలబడి వచ్చాను. రెండోసారి నన్ను చూశాడు. చూసి, చేతిలో ఉన్న పని చేసుకున్నాడు. ఆదివారం చాయ్‌కి నేను పోతే వాడు రాడని తెలిసి, నేనే మానుకున్నాను. ఆ బెంచీ, ఆ ఇద్దరూ, వాడు నా గ్లాసులోంచి సగం తన గ్లాసులోకి వంచుకోవడం, అన్నీ గుర్తొస్తాయి. ఆదివారం పొద్దున ఇంట్లో చాయ్ పెడితే తాగబుద్ధి కాదు. చెప్పకుండా ఉంటే ఇవాళ కూడా వాడు నా పక్కనే కూర్చునేవాడు కదా అనిపిస్తుంది. అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రెండూ నిజమే.

సంగతంతా తెలిసినా గుమాస్తా మాత్రం సోమవారాలు మా ఇంటికి వస్తాడు. తమ్మి ఇప్పుడు చాయ్ దుకాణంలో కనిపించినవాడికల్లా ఓడ కథ చెబుతున్నాడట. షాపు మూసి వెనక్కి వచ్చి చూడటం కూడా మానేశాడట.

"చాలా బాగా చెబుతాడండీ మాస్టారూ. జనం నోళ్ళు తెరుచుకుని వింటారు" అన్నాడు మొన్న.

"ఎట్ల చెప్తడు? మొత్తం చెప్పు" అన్నాను.

గుమాస్తా చెప్పాడు. నల్లటి గోడ, ఏటవాలు నిచ్చెన, ఇంజన్ మోత, సాంబారు వాసన. రీఫర్ల వరసలో తమిళాయన "నువ్వేం పని చేసేవాడివి?" అని అడుగుతాడట. మామిడి డబ్బాల గాలి మూతలు తెరిచి పంపేవాణ్ణి, ఒక్కనాడు కూడా మర్చిపోలేదు అని తమ్మి జవాబు చెబుతాడట. అక్కడ గుమాస్తా ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకా?" అన్నాను.

"ఇంకేముందండీ. అద్దాల గదిలోంచి సముద్రం చూసి దిగి వస్తాం, వాడూ నేనూ." కాసేపు నా మొహం చూడలేకపోయాడు. "వాడి కథలో ఓడెక్కింది మేమిద్దరమే మాస్టారూ."

ఆయన చాయ్ చల్లారిపోయింది. వేడి చేసి తెచ్చి ఇచ్చాను. నిచ్చెన దగ్గర నుంచి ఇంకొకసారి చెప్పమని అడిగాను.